స్కానర్ తెర మీద రాండల్ పేరు

స్పైసర్ వాగు పొడుగునా ఉన్న జనానికి మంటలార్పేవాళ్ళ ఫైర్‌హాల్ సైరన్ మోగితే ఒకటే అలవాటు. ముందు కిటికీలోంచి తల బయటపెట్టి పొగేమైనా కనిపిస్తుందా అని చూస్తారు. కనిపించకపోతే హోబర్ట్ మలిన్స్‌కి ఫోన్ చేస్తారు. సైరన్ కూత సన్నగిల్లకముందే ఆయన వంటింటి గోడకున్న ఫోను మోగడం మొదలయ్యేది.

హోబర్ట్ వయసులో ఉన్నన్నాళ్ళూ బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా ఆ పొడిని ఇంటికి తెచ్చుకున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, ఆ గొట్టం రెండో కొస పడగ్గదిలోని యంత్రానికి. గొట్టం ఎంతవరకు సాగితే ఆయన ప్రపంచం అంతవరకు: పడగ్గది, వంటిల్లు, వరండాలో మొదటి కుర్చీ. రెండో కుర్చీ దాకా గొట్టం రాదు కాబట్టి అది వచ్చినవాళ్ళకి. అయితే వంటింటి బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన, రేడియోల్లో ఎవరేం మాట్లాడుకున్నా వినిపించే స్కానర్ పెట్టె ఉండేది. అది ఉన్నంతసేపూ గొట్టం సంగతి ఆయనకి గుర్తుండేది కాదు. వెస్ట్ వర్జీనియా మొత్తం ఆ పెట్టెలోకి వచ్చి పడేది. పోలీసులు, అంబులెన్సులు, అడవి కాపలావాళ్ళు, మంచు తోసే లారీలవాళ్ళు, అందరికంటే ముఖ్యంగా తమ వాగు ఫైర్‌హాల్ వలంటీర్లు.

వినడానికి ఆయనకి కొన్ని నియమాలుండేవి. ఎవరి ఇల్లో చెప్పడు, ఎవరికేమైందో చెప్పడు. "మంట కాదు, అంబులెన్స్. పై వంతెన వైపు. నీకేం భయంలేదు, పడుకో," అంటాడు, అంతే. అడిగినావిడ తమ్ముడే ఆ అంబులెన్సులో ఉన్నా చెప్పడు. చెడ్డ కబురు కాళ్ళ మీద నడిచి రావాలి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడాలి అన్నది ఆయన మాట. ఆయన గనిలో పనిచేసే రోజుల్లో పైకప్పు కూలి ఒకడు పోయాడు. కంపెనీవాళ్ళు బయల్దేరకముందే ఎవరో రేడియోలో విని అతని భార్యకి ఫోన్ చేశారు. వాళ్ళు వెళ్ళేసరికి ఆవిడ పొయ్యి మీద రొట్టె మాడుతుంటే దాన్నే చూస్తూ నిలబడి ఉందట. హోబర్ట్ ఆ పొగ వాసన గురించి చెప్పేవాడు. మంచి కబురుకి మాత్రం ఈ అడ్డేం లేదు. "నీ మొగుడు బావున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు, ఇప్పుడే విన్నా" అని చెప్పడానికి ఆయన ఎవరికైనా, ఎప్పుడైనా తనే ఫోన్ చేసేవాడు. మంచి కబురుతో ఎవరికీ హాని జరగదని ఆయన నమ్మకం.

మొదట్లో ఉన్నది పాత స్కానర్. అందులో మనిషి గొంతు మనిషి గొంతులాగే వచ్చేది. దగ్గుని బట్టి ఎవరో చెప్పేవాడు. డెల్మస్ కోల్ అయితే మరీ తేలిక. అతను నోట్లో పొగాకు పెట్టుకుని ఉంటాడు, మీట నొక్కాక ఉమ్మేసి గానీ మాట్లాడడు. ఆ చిన్న ఆగుడు వినగానే హోబర్ట్ నవ్వుకునేవాడు. తర్వాత రాష్ట్రంవాళ్ళు కొండలమీద వరసగా టవర్లు కట్టి అందరినీ ఒకే డిజిటల్ రేడియోలోకి మార్చేశారు. ఒక పొద్దున పాత స్కానర్ మూగబోయింది. ఆ వారమంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదని రాండల్ చెప్పేవాడు.

రాండల్ ఆయన మేనల్లుడు. అక్క అర్వెల్లా పోయాక, స్కూలుకెళ్ళే వయసులో ఒక సంచీ, ఒక కుక్కతో ఈ ఇంటికి వచ్చాడు. హోబర్టే పెంచాడు. పెద్దయ్యాక రోడ్ల శాఖలో పని, ఫైర్‌హాల్‌లో జీతంలేని పని. ట్రెస్సాని పెళ్ళి చేసుకుని మేనమామ ఇంటికి దిగువనే, లారీతో లాక్కొచ్చి నిలిపే ట్రైలర్ ఇల్లు వేసుకున్నాడు. కొత్త స్కానర్ కొనిపెట్టింది అతనే. అయితే అందులో వచ్చే గొంతులు హోబర్ట్‌కి నచ్చలేదు. కొత్త రేడియో మనిషి గొంతుని ముక్కలుగా తరిగి, అంకెలు చేసి పంపి, ఇవతల మళ్ళీ అతికిస్తుంది. అందరూ బకెట్లో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటారు. గాలి హోరు ఉంటే అసలు మనిషేనా అనిపిస్తుంది.

కానీ ఆ పెట్టెకి చిన్న తెర ఉంది. ఎవరు మాట్లాడినా వాళ్ళ చేతిలో ఉన్న రేడియో నంబరు ఆ తెర మీద పడుతుంది. హోబర్ట్ ఆ నంబర్లని పట్టుకున్నాడు. ఫలానా మంట దగ్గర పంపు నడిపింది ఎవరు, అంబులెన్సుకి దారి చూపింది ఎవరు అని మర్నాడు రాండల్‌ని కాఫీ తాగుతుంటే అడిగేవాడు. తెలిసిన నంబరుకి పేరు ఎక్కించేవాడు. మీట తిప్పుతూ ఒక్కో అక్షరం. అలా ఏళ్ళు గడిచేసరికి ఫైర్‌హాల్‌లో ఉన్న ప్రతి రేడియోకీ ఒక పేరు వచ్చింది. ఎవరైనా మాట్లాడితే తెర మీద నీలం వెలుగులో డెల్మస్ అనో, బర్ల్ అనో, రాండల్ అనో పడేది. గొంతులు పోయినా ఆయనకి మనుషులు మళ్ళీ దొరికారు.

ట్రెస్సా దానికి ఆటపట్టించేది. వాగు మొదట్లో ఉన్న వృద్ధాశ్రమంలో వంట చేస్తుందామె. నోరు పెద్దది, మనసూ పెద్దదే. రాండల్ పిలుపు మీద వెళ్ళినప్పుడల్లా పైకి వచ్చి హోబర్ట్ వంటింట్లో కూర్చునేది.

"మావయ్యా, మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇలా పేరు పడే పెట్టె ఏదైనా ఉందా? సోఫాలో ఉన్నాడో, మనసు చేపల దగ్గరుందో తెలియట్లా."

రాండల్ మాత్రం ఒకసారి నవ్వుతూనే అన్నాడట, మేం హడావిడిలో ఒకరి కోట్లు ఇంకొకరు వేసుకుని పోతుంటాం మావయ్యా, రేడియోల సంగతి ఎవడు చూశాడు అని. హోబర్ట్ ఒప్పుకోలేదు. చార్జింగ్ అరలో ఎవరి రేడియో మీద వాళ్ళ పేరు టేపు అంటించి ఉంటుందని, ఎవరిది వాళ్ళే తీసుకోవాలని చీఫ్ బర్ల్ రూలు పెట్టాడని ఆయనకి తెలుసు. రూలు ఉందంటే జరుగుతుందని అనుకున్నాడు. గనిలో పనిచేసినవాడు అలా అనుకోకూడదు. అయినా అనుకున్నాడు.

జూన్‌లో ఆ వాన. ముందురోజు సాయంత్రం నుంచి ఎడతెరిపి లేకుండా కురిసి, తెల్లారేసరికి వాగు కాఫీ రంగులోకి తిరిగింది. పొద్దున కాసేపటికే పై వంతెన కొట్టుకుపోయింది. పడవ తెస్తానని జిల్లా ఊరికి వెళ్ళిన చీఫ్ బర్ల్ వెనకాలే రోడ్డు కూలడంతో అక్కడే చిక్కుకుపోయాడు. ఇక్కడ వాగులో మిగిలింది కొద్దిమంది కుర్రాళ్ళు, వాళ్ళ చేతుల్లో రేడియోలు. వాళ్ళలో రాండల్ ఒకడు.

ట్రెస్సా తడిసి ముద్దయి పైకి వచ్చింది. వాళ్ళ ట్రైలర్ మెట్ల దాకా నీళ్ళు వచ్చాయని చెప్పి, తల తుడుచుకుని, స్కానర్ ముందు కూర్చుంది. ఇద్దరూ వింటున్నారు. పేర్లు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. రాండల్ పేరు పడ్డప్పుడల్లా ఆమె వేలితో తెరని తాకేది. ఇంతలో ఒక వింత జరిగింది. కుర్రాళ్ళు కంట్రోల్ రూమ్‌ని పిలుస్తున్నారు, కానీ అటునుంచి జవాబు లేదు. జిల్లా కంట్రోల్ రూమ్‌లో ఉండే నేడీన్ గొంతు లేకుండా పోయింది. మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నారు. లేదు.

హోబర్ట్‌కి అర్థమైంది. కొండమీది టవర్ పనిచేస్తోంది గానీ దానికి మిగతా రాష్ట్రంతో ఉన్న లంకె తెగింది. వాగులో ఉన్నవాళ్ళ మాట ఒకరిది ఒకరికి వినిపిస్తుంది, కొండ దాటి పోదు. టవర్ కింద ఉన్న స్కానర్‌కి వినిపిస్తుంది, అంతే.

గోడ ఫోన్ మోగింది. నేడీన్.

"హోబర్ట్, మావాళ్ళు నీకు వినిపిస్తున్నారా? ఇక్కడ నాకు గోడతో మాట్లాడినట్టుంది."

"అందరూ వినిపిస్తున్నారమ్మా."

ఆమె ఊపిరి వదలడం ఫోన్‌లో వినిపించింది. లైను పెట్టెయ్యొద్దంది. బర్ల్ తన పక్కనే ఉన్నాడని, నువ్వు విన్నది విన్నట్టు మాకు చెప్పమని అడిగింది. ఏళ్ళ తరబడి ఆ స్కానర్ ముందు కూర్చున్న మనిషికి అంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేదు. ఫోను చెవికి, కళ్ళు తెరకి అంటుకుపోయి హోబర్ట్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ట్రెస్సా ఫోను తీగ చిక్కుపడకుండా పట్టుకుని నిలబడింది.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఫలానావాళ్ళు స్కూలు దగ్గర ఉన్నారు. ఫలానావాడు ముసలాయన్ని భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. పై వంతెన దగ్గర ఒక కుటుంబం ఇంటికప్పు మీద చిక్కుకుంది, తాడు చాలట్లేదు. అవతల బర్ల్ రాసుకుంటున్నాడు, కుర్రాళ్ళని ఒక్కొక్కరినీ లెక్క పెట్టుకుంటున్నాడు. స్కానర్‌కి చెవులే గాని నోరు లేదు. హోబర్ట్ ఎవరినీ ఏమీ అడగలేడు. వచ్చినదాన్ని అందిపుచ్చుకోవడమే.

ఆ మధ్యలో రాండల్ పేరు చాలాసేపు పడలేదు.

ట్రెస్సా తీగ వదిలేసి వరండాలోకి వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. కొండ మీదుగా మేకల దారి ఒకటుంది, అది వాగు కింది మలుపు పైన ఒక బండ దగ్గరికి తీస్తుంది. ఆ బండ మీద నిలబడితే కింది మలుపంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. పొద్దున రాండల్ చివరిసారి మాట్లాడింది ఆ దరిదాపుల నుంచే. ఆమె తలుపు పక్కనున్న రాండల్ పాత బూట్లు తీసుకుని కుర్చీలో కూర్చుని తొడుక్కోవడం మొదలుపెట్టింది.

"చూసి వచ్చేస్తా మావయ్యా. బండ దాకానే."

ఒక బూటు లేసు కట్టింది. రెండోదానికి వంగింది. అప్పుడు తెర వెలిగింది. రాండల్.

బకెట్లోంచి వచ్చినట్టు గొంతు. ముందు చిన్న ఆగుడు, తర్వాత మాటలు. చర్చి దగ్గరికి వచ్చేశాం, వర్క్‌మన్‌వాళ్ళ ఇంటి అమ్మమ్మ, ఆవిడ మనవరాలు నాతోనే ఉన్నారు, అందరం బానే ఉన్నాం, ముసలావిడకి దుప్పట్లు కావాలి. అంతే. ఆరిపోయింది.

"రాండలే," అన్నాడు హోబర్ట్. "చర్చి కాడున్నాడు. కొండమీద. తడవని చోట. కూర్చో తల్లీ, ఆ బూటు విప్పెయ్."

ట్రెస్సా బూటు పట్టుకుని అలాగే కాసేపు వంగి ఉండిపోయింది. లేచేటప్పటికి నవ్వుతోంది, ముక్కు తుడుచుకుంటోంది. "వర్క్‌మన్ ముసలామెని మోశాడా? ఇక రేపట్నుంచి నడుం నొప్పని నా ప్రాణం తీస్తాడు," అంది. చర్చి దగ్గరున్నవాళ్ళకి ఆకలేస్తుందని పెద్ద గిన్నె తీసి చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టింది. పంది మాంసం ముక్క వేసింది. పాట లాంటిదేదో గొణిగింది.

నేడీన్ ఫోన్‌లో అడుగుతోంది. ఎవరెవరు లెక్కకి వచ్చారని బర్ల్ అడుగుతున్నాడంది. హోబర్ట్ చెప్పాడు. రాండల్ చర్చి దగ్గర క్షేమం అని కూడా చెప్పాడు.

"నువ్వే విన్నావా, ఇంకెవరన్నా చెప్పారా?"

"నేనే విన్నా. పేరు పడింది."

కాసేపటికి సైన్యం హెలికాప్టర్ ఒకటి దొరికింది. ఒక్కటే. అది ముందు ఎక్కడికి వెళ్ళాలన్నది తేల్చాలి. ఈసారి బర్లే ఫోన్ అందుకున్నాడు. ఇంటికప్పు మీదున్న కుటుంబం కోసం పై వంతెన దగ్గరికి పంపనా, లేక కింది మలుపు నుంచి మొదలుపెట్టి పైకి వెతుక్కుంటూ రమ్మననా అని అడిగాడు.

"కింది మలుపులో మనవాళ్ళెవరైనా ఉన్నారా హోబర్ట్?"

"లేరు. రాండల్ ఉండేవాడు, చర్చికి ఎక్కేశాడు. అక్కడెవరూ లేరు."

హెలికాప్టర్ ఇంటి మీదుగా పై వంతెన వైపు వెళ్ళింది. కప్పు మీది రేకులు గజగజలాడాయి. ఇద్దరూ తలెత్తి చూశారు, అది దూరమై శబ్దం పోయేదాకా. ఆ కుటుంబం బతికింది. అందులో పాలు తాగే బిడ్డ కూడా ఉంది. ఈ మాట తర్వాత చాలామంది హోబర్ట్‌కి గుర్తుచేశారు.

మధ్యాహ్నం దాటాక వాన తగ్గింది. చిక్కుళ్ళు ఉడికాయి. ట్రెస్సా మొక్కజొన్న రొట్టెలు కాల్చి గుడ్డలో చుడుతోంది. గిన్నె మోయడానికి రాండల్‌ని కిందికి రమ్మని ఎవరితోనైనా కబురు చేయించొచ్చా అని అడిగింది. అప్పుడు వరండా మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

వచ్చింది డెల్మస్ కోల్. ఛాతీ దాకా బురద. పెదాలు నీలంగా ఉన్నాయి. కొండ మీదుగా నడిచి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి బూట్లు విప్పబోయి, వద్దులే అనుకున్నట్టు ఆగాడు.

"రాండల్ ఇటొచ్చాడా?" అన్నాడు.

ట్రెస్సా రొట్టెల గుడ్డ చేత్తో పట్టుకునే ఉంది. "చర్చి దగ్గరున్నాడుగా."

"చర్చి దగ్గరా? అక్కడున్నది నేను, వాడు లేడే. ముసలామెనీ పిల్లనీ నాకప్పజెప్పి, నువ్వు పైకి పోరా, నేను కింది ట్రైలర్లు చూసొస్తానన్నాడు. పొద్దున. ఇటొచ్చుంటాడని..."

హోబర్ట్ కుర్చీలోంచి లేవబోయాడు. నీ గొంతు నేను వినలేదే, పొద్దున్నుంచి నీ పేరే పడలేదే అన్నాడు. డెల్మస్ తన రేడియో బ్యాటరీ తెల్లారే చచ్చిందన్నాడు. ముసలామెకి గుండె జబ్బు, దారిలో అంబులెన్సు అవసరమైతే ఎలా అని రాండల్ తన రేడియో తీసి డెల్మస్ మెడలో వేశాడట. నీళ్ళలోకి దిగేవాడికి రేడియో ఎందుకురా అన్నాడట.

అప్పుడే డెల్మస్ ఛాతీ మీదున్న రేడియో పలికింది. స్కూలు దగ్గరినుంచి ఎవరో ఏదో అడుగుతున్నారు. అతను అలవాటుగా మీట నొక్కాడు. పక్కకి తిరిగి ఉమ్మాడు. తర్వాత మాట్లాడాడు.

బల్ల మీద స్కానర్ వెలిగింది. నీలం వెలుగులో రాండల్.

డెల్మస్ మాట్లాడుతున్నంతసేపూ ఆ పేరు అక్కడే ఉంది. గదిలో డెల్మస్ అసలు గొంతు, పెట్టెలో బకెట్ గొంతు, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ట్రెస్సా తెర వైపు చూసింది. డెల్మస్ మెడ వైపు చూసింది. చివరికి హోబర్ట్ వైపు చూసింది. రొట్టెలు బల్ల మీద పెట్టింది. తలుపు పక్కనున్న బూట్లు తొడుక్కుంది, లేసులు కట్టకుండానే మెట్లు దిగింది. డెల్మస్ ఆమె వెనక పరిగెత్తాడు. గొట్టం వరండా మొదటి కుర్చీ దగ్గర బిగుసుకుంది. హోబర్ట్ అక్కడే ఆగిపోయాడు.

ఆ సాయంత్రం వెలుగున్నంతసేపూ వెతికారు. మర్నాడు నీళ్ళు తీశాక డెల్మసే చూశాడు. కింది మలుపులో, బండకి సరిగ్గా ఎదురుగా, ఒక సికమోర్ చెట్టు పంగలో ఉన్నాడు రాండల్. తన నడుం బెల్టుతో తనని తాను కొమ్మకి కట్టుకున్నాడు. ఆ దిగువనున్న ట్రైలర్‌లో దీపం వెలుగుతుండటం చూసి లోపల మనుషులున్నారని వెళ్ళి ఉంటాడు. ఆ ఇంటివాళ్ళు తెల్లారకముందే చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయారు, దీపం ఆర్పడం మర్చిపోయారు.

అక్కడ ఎంతసేపు బతికి ఉన్నాడో ఎవరూ చెప్పలేకపోయారు. వెంటనే మాత్రం పోలేదన్నారు. బెల్టు కింద కొమ్మ బెరడు ఒరుసుకుపోయి తెల్లగా తేలిందని డెల్మస్ చెప్పాడు. చెప్పాక, ఎందుకు చెప్పానా అన్నట్టు నోరు మూసుకున్నాడు.

పోలీసు డిప్యూటీ ఒకతను టోపీ చేత్తో పట్టుకుని ట్రెస్సా గుమ్మంలో నిలబడ్డాడు. హోబర్ట్ తన కిటికీలోంచి చూశాడు. చెడ్డ కబురు రావాల్సిన పద్ధతిలోనే వచ్చింది. మంచి కబురే ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి ఒక మధ్యాహ్నం మధ్యాహ్నమంతా వంట చేయించింది.

సమాధి చేసిన రోజున చర్చిలో ఆయన చిన్న ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ట్రెస్సా అదే వరసలో, మధ్యలో ఒకరి చోటు వదిలి కూర్చుంది. ఫైర్‌హాల్‌వాళ్ళ ఆనవాయితీ ప్రకారం చివర్లో బర్ల్ తన రేడియో పైకెత్తి పట్టుకున్నాడు. అవతల నుంచి నేడీన్ రాండల్‌ని అతని వరస సంఖ్యతో పిలిచింది. జవాబుకి ఆగింది. మళ్ళీ పిలిచింది. ఆగింది. మూడోసారి పిలిచేటప్పుడు ఆమె గొంతు, ఆ అంకెల యంత్రంలోంచి వచ్చినా, ఏడుస్తున్న ఆడమనిషి గొంతులాగే వచ్చింది. జవాబు రాలేదని, డ్యూటీ ముగిసిందని చెప్పింది. ఎవరూ లేని హోబర్ట్ వంటింట్లో స్కానర్ కూడా ఆ మాట చెప్పి ఊరుకుంది.

బర్ల్ వచ్చి తప్పు నీది కాదన్నాడు. రేడియో చేతులు మారకూడదన్నది రూలు, ఆ రూలు పట్టించుకోనిది మేమే అన్నాడు. పై వంతెన కుటుంబం ఆపిల్ పచ్చడి సీసాలు తెచ్చి ఇచ్చింది. నువ్వు చెప్పబట్టే మా బిడ్డ బతికిందన్నారు. హోబర్ట్ సీసాలు తీసుకున్నాడు. కొందరు ఎదురుగా ఏమీ అనకపోయినా చర్చి మెట్ల మీద అనుకున్నారు, ఆ ముసలాడికి తెలియదని చెప్పడం చేతకాదు అని. అదీ ఆయన చెవిన పడింది. వినడమే కదా ఆయన పని.

ట్రెస్సా ఆ ఎండాకాలమంతా పనికి పోతూ వస్తూ ఆయన వరండా ముందు నుంచే నడిచేది, తల తిప్పేది కాదు. ఒకరోజు పొద్దున ఆయన తలుపు తీసేసరికి చిక్కుళ్ళు వండిన గిన్నె మొదటి కుర్చీలో ఉంది. శుభ్రంగా తోమి, మూత బోర్లించి ఉంది. తలుపు తట్టిన చప్పుడు ఆయనకి వినపడలేదు. తట్టలేదేమో.

ఫైర్‌హాల్‌కి రేడియోలు తక్కువ. రాండల్ రేడియో అరలోకి తిరిగి వెళ్ళింది, దాని మీద టేపు మార్చారు, డెల్మస్ చేతికి ఇచ్చారు. ఆ సంగతి హోబర్ట్‌కి ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఎవరిదో ఎండుగడ్డి అంటుకుంటే తెర మీద రాండల్ పేరు పడింది, నీళ్ళ లారీ కావాలంది. ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ పడింది. థాంక్స్ చెప్పింది.

ఆ సాయంత్రం పేర్లు తీసేయడం మొదలుపెట్టాడు. ఎక్కించడానికి ఏళ్ళు పట్టింది గానీ తీయడానికి అంత పట్టలేదు. మీట తిప్పడం, నొక్కడం, పేరు పోయి నంబరు మిగలడం. బర్ల్ పోయాడు. డెల్మస్ పోయాడు. రాండల్ దగ్గరికి వచ్చేసరికి మీట మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు. ఇది కూడా తీసేస్తే ఈ ఇంట్లో ఆ పేరు వెలిగే చోటు ఇంకెక్కడా ఉండదని తెలుసు. నొక్కాడు.

ఆ తర్వాత సైరన్ మోగినప్పుడు ఫోన్లు రావడం ఆగలేదు. అలవాటు అంత తొందరగా పోదు. ఆయన జవాబు మాత్రం మారింది. ఎవరు వెళ్ళారని అడిగితే తెలియదనేవాడు. మీకు తెలుసుగా అంటే, నాకు తెలిసింది రేడియో నంబరే అనేవాడు. కొందరికి విసుగొచ్చి మానేశారు.

ఆకులు రాలుతున్న రోజుల్లో పై వంతెన వైపు రాళ్ళ లారీ ఒకటి బోల్తాపడింది. సైరన్ మోగింది. ఫోన్ మోగింది. ఎత్తాడు.

"ఎవరెళ్ళారు?" అంది ట్రెస్సా.

అంతకుముందు ఆమె ఆయనతో మాట్లాడింది జూన్‌లో, ఈ వంటింట్లోనే. హోబర్ట్ గొట్టం సర్దుకున్నాడు. తెర వైపు చూశాడు. అక్కడ ఒక నంబరు ఉంది, ఒకప్పుడు రాండల్ అని వెలిగిన, ఆయన గుడ్డివాడైనా చదవగల నంబరు.

"ఒక రేడియో మాట్లాడుతోంది తల్లీ. ఎవరి చేతిలో ఉందో నాకు తెలీదు."

అటువైపు టీవీ మోగుతున్న చప్పుడు, తర్వాత టీవీ ఆపిన చప్పుడు.

"ఆ రోజు ఈ మాటే అనుంటే, రెండో లేసు కూడా కట్టుకునేదాన్ని."

"కట్టుకునేదానివి."

"బండ మీంచి కనిపించేవాడు."

"కనిపించేవాడు."

ఆయన క్షమించమనలేదు. ఆమెకి అది కావాలని ఉన్నట్టు కూడా అనిపించలేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాడు గాని పెట్టలేదు. ఆమె ఊపిరి వినిపిస్తోంది. కొంతసేపయ్యాక హోబర్ట్ ఫోను చెవి నుంచి తీసి, స్కానర్ పక్కన ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టాడు, మాట్లాడే వైపు పెట్టెకి తగిలేలా. లారీ డ్రైవర్ బయటికి వచ్చాడని ఒక నంబరు చెప్పింది. కాలు విరిగిందని ఇంకో నంబరు చెప్పింది. ఎవరి గొంతో తెలియని గొంతులు, బకెట్లోంచి వచ్చినట్టు.

అందరూ ఫైర్‌హాల్‌కి తిరిగి వచ్చామని చివరి రేడియో చెప్పేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆ తర్వాత ఫోన్‌లో అటుపక్క పెట్టేసిన చప్పుడు వినిపించింది.